ఇన్సులేషన్ అంతా చేయించినా ఏసీ రెస్టు తీసుకోవట్లేదా? ముందు బాత్రూం చూడండి

ఏఏసీ బ్లాకులు (గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు ఇటుకలు), శ్లాబు మీద ఇన్సులేషన్, తెల్ల కూల్ పెయింట్, 5 స్టార్ ఇన్వర్టర్ ఏసీ... ఇంత ఖర్చు పెట్టినా బిల్లు తగ్గట్లేదు అని ఫోన్ చేస్తారు. రాత్రి రెండయినా బయట యూనిట్ స్పీడు తగ్గదు, గది చల్లగానే ఉంటుంది గానీ దుప్పటి జిగటగా తగులుతుంది.

ఫిల్టర్ కడిగారా? డాబా కడిగారా? దుమ్ము పట్టి బూడిదరంగుకొచ్చిన పెయింట్ ఎండని ముందులా వెనక్కి కొట్టదు. ఈ రెండూ చూడకుండా దయచేసి మెకానిక్‌ని పిలవకండి, నేరుగా గ్యాస్ నింపేస్తారు.

ఇవి బాగున్నా అదే గోలైతే అటాచ్డ్ బాత్రూం చూడాలి. విజయవాడలో ఒక ఇంట్లో రెండుసార్లు గోడలూ కిటికీలూ అంతా వెతికి ఏం తేల్చలేక వచ్చేశా, మూడోసారి ఏసీ నీళ్లు బయటికి కారే డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టించా. తలుపులు మూసిన గదిలో మొదటి గంటా రెండు గంటలు నీళ్లు బాగా కారి తర్వాత తగ్గిపోవాలి, అక్కడ తెల్లారేదాకా ఒకేలా కారుతూనే ఉన్నాయి, అంటే బయటి తేమ గాలి లోపలికి వస్తూనే ఉందన్నమాట. ఒక్క లీటరు నీళ్లు తీయడానికి ఏసీ దాదాపు 0.7 యూనిట్లంత వేడిని లాగాలి (కరెంటు లెక్క కాదు, వేడి లెక్క), గదిని చల్లబరిచే పని దానికి అదనం. చూస్తే బాత్రూంలో గాజు పలకల వెంటిలేటర్ బార్లా తెరిచి ఉంది, తలుపు కింద అంగుళం సందు, స్నానం చేసినవాళ్లు ఎగ్జాస్ట్ ఆపడం మర్చిపోయారు. ఫ్యాన్ గదిలోని చల్లగాలిని బయటికి తోసేస్తుంటే ఆ ఖాళీలోకి వేడిగాలి కిటికీ సందుల్లోంచి దూరుతోంది.

మీరూ అగరబత్తి వెలిగించి బాత్రూం తలుపు కింద, కిటికీ అంచుల దగ్గర, ఏసీ పైపు గోడలోకి దూరే కన్నం దగ్గర పట్టండి, పొగ ఊగితే సందున్నట్టే. ఒకసారి ఎగ్జాస్ట్ వేసి, ఒకసారి ఆపి చూడండి. తలుపు కింద రబ్బరు పట్టీ, పైపు కన్నానికి పుట్టీ, వెంటిలేటర్‌కి మూసే రెక్క, ఫ్యాన్‌కి ఆపగానే మూసుకునే షట్టర్, పదిహేను నిమిషాల టైమర్ పెట్టించండి. బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంటే మాత్రం వెంటిలేటర్ అస్సలు మూయొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోతాయి, ముందు గీజర్‌ని బయటికి మార్పించండి.

నిజంగా గ్యాస్ తగ్గితే గదే సరిగ్గా చల్లబడదు, అది వేరే కథ. రెండు అద్దాల (డబుల్ గ్లాస్) కిటికీలుంటే వాటి సీల్ పోవడం అరుదు, అద్దాల మధ్య ఆవిరి కనపడితేనే పట్టించుకోండి.