ఐరన్ బట్ ర్యాలీని ఇంటి నుంచే అనుసరించడం ఎలా?

అమెరికాలో సాధారణంగా రెండేళ్లకోసారి జరిగే ఐరన్ బట్ ర్యాలీలో మోటార్‌సైకిలిస్టులు 11 రోజుల్లో దాదాపు 11,000 మైళ్లు, అంటే సుమారు 17,700 కిలోమీటర్లు ప్రయాణిస్తారు. ఇందులో వేగానిది కాదు, పాయింట్లదే పెత్తనం. కాబట్టి ముందుగా బోనస్ స్థలాల, అంటే వెళ్లి వస్తే పాయింట్లు దక్కే చోట్ల లెక్కను అర్థం చేసుకోవాలి.

నిర్వాహకుల రోజువారీ నివేదికలో ఏదైనా బోనస్ స్థలం పేరు కనిపించగానే మ్యాపులో గుర్తించి, రైడర్లు గడువులోగా చేరాల్సిన తర్వాతి చెక్‌పాయింట్‌కు దూరమెంతో, గడువెంత మిగిలిందో చూడండి. అంత దూరం వెళ్లి రావడం ఎంత సాహసమో అప్పుడే తెలుస్తుంది. అక్కడ రైడర్ ర్యాలీ జెండా కనిపించేలా ఫొటో తీసి, ఓడోమీటర్ అంకెను, సమయాన్ని సరిగా రాసుకోవాలి. జెండా మరిచిపోతే వందల మైళ్ల శ్రమకు పాయింట్లు దక్కకపోవచ్చు. నాకు అన్నిటికంటే ఉత్కంఠ కలిగించేది ఈ జాగ్రత్తే.

రైడర్ కుటుంబం ట్రాకింగ్ లింకు పంచుకుంటే, మ్యాపులో రైడర్‌ను చూపే చుక్క గంటల తరబడి కదలలేదని కంగారు పడకండి, విశ్రాంతికీ పాయింట్లుంటాయి. నడుపుతున్నవారికి సందేశాలు మాత్రం పంపవద్దు. వేసవిలో అమెరికా తూర్పు తీరాన రాత్రి 9:30 అయితే మనకు మర్నాడు ఉదయం 7 గంటలు కనుక, రాత్రి మేలుకోకుండా ఉదయాన్నే నివేదిక చదువుకోవచ్చు.