ఆశ చూపి నిరాశపరచిన అధివాస్తవిక హారర్ సినిమాకు సమీక్ష రాయడం ఎలా?

బాల్యం దాటి యవ్వనంలోకి అడుగుపెడుతున్న పిల్లల కథను భయంతోనూ, కలలాంటి వింత (అధివాస్తవిక) దృశ్యాలతోనూ చెప్పే సినిమా చక్కగా కుదిరితే దాని గురించి రాయడం తేలికే, బొత్తిగా చెడిపోతే మరీ తేలిక. మొదటి అరగంటలో గొప్ప సినిమా చూడబోతున్నామన్న నమ్మకం కలిగించి, చివరికి ఉసూరుమనిపించిన సినిమా దగ్గరే కలం తడబడుతుంది. "బాగుంది కానీ ఏదో లోపించింది" అన్న మాటతో చాలా సమీక్షలు ఆగిపోతాయి. ఆ లోపం ఏమిటో, అది కథలో ఏ చోట మొదలైందో వేలు పెట్టి చూపించగలిగితేనే పాఠకుడికి ప్రయోజనం.

సినిమా పూర్తయిన వెంటనే, ఇతరుల అభిప్రాయాలూ దర్శకుడి ఇంటర్వ్యూలూ చదవకముందే, గుర్తున్న దృశ్యాలనూ శబ్దాలనూ వరుసగా రాసిపెట్టుకోండి. ఈ దశలో అర్థాలు వెతకవద్దు. దర్శకుడి వివరణ ఒకసారి చెవిన పడితే, తెరమీద లేని భావం కూడా ఉన్నట్లే తోస్తుంది. మీరు ఏ సన్నివేశంలో మొదటిసారి టైము చూసుకున్నారో కూడా రాసుకోండి. చిన్న విషయమే కానీ, తర్వాత వెతుకులాట సాధారణంగా అక్కడి నుంచే మొదలవుతుంది.

తర్వాత, మీలో ఆశ పుట్టించినది ఎవరో తేల్చుకోండి. ట్రైలరూ పోస్టరూ చేసిన వాగ్దానం వేరు, సినిమా తన తొలి సన్నివేశాలలో చేసిన వాగ్దానం వేరు. ప్రచారం తప్పుదారి పట్టించి ఉంటే ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయండి. అందుకు సినిమాను శిక్షించడం న్యాయం కాదు. సమీక్షలో తూచవలసింది రెండో వాగ్దానాన్నే.

ఇప్పుడు అసలు పని. కథానాయిక లేదా కథానాయకుడు ఏ స్థితి నుంచి ఏ స్థితికి మారుతున్నారో ఒకే వాక్యంలో రాయడానికి ప్రయత్నించండి. ఆ వాక్యం కింద సినిమాలోని ప్రతి వింత దృశ్యాన్నీ పెట్టి, దానికీ ఈ మార్పుకీ ముడి ఉందో లేదో చూడండి. 1976లో బ్రయాన్ డి పాల్మా తీసిన 'క్యారీ'లో ఈ ముడి ఎంత గట్టిదో గమనించవచ్చు: స్కూలు స్నానాల గదిలో తొలి రుతుస్రావానికి బెదిరిపోయిన అమ్మాయిని తోటివాళ్లు గేలిచేస్తారు, అక్కడే పైనున్న బల్బు పగులుతుంది, అంటే ఆమె శక్తీ ఆమె శరీరంలోని మార్పూ ఒకే క్షణంలో మనకు పరిచయమవుతాయి. చివర ఆమె మీద కుమ్మరించే పంది రక్తం కూడా ఆ మొదటి అవమానానికి కొనసాగింపే. 1970 నాటి చెక్ చిత్రం 'వాలరీ అండ్ హర్ వీక్ ఆఫ్ వండర్స్'లో ఇంత స్పష్టమైన కథ లేదు, మనుషులు ముఖాలు మారుస్తారు, చనిపోయినవాళ్లు తిరిగి వస్తారు. అయినా డెయిజీ పువ్వు మీద పడిన రక్తపు చుక్కతో మొదలైన ఆ అమ్మాయి కొత్త వయసే ఆ వింతలన్నింటినీ ఒక దారంలో గుచ్చి ఉంచుతుంది. ముడి బలంగా ఉంటే తర్కం లేకపోయినా ఫరవాలేదు.

"అధివాస్తవిక చిత్రానికి అర్థం అడగకూడదు" అన్న వాదన ఈ సందర్భంలో తప్పక ఎదురవుతుంది. అధివాస్తవిక ఉద్యమానికి నాయకుడైన ఫ్రెంచి రచయిత ఆంద్రే బ్రెటన్ 1924లో వెలువరించిన మ్యానిఫెస్టో (ఉద్యమ ప్రకటన) హేతువు అదుపు లేని ఆలోచనా ప్రవాహాన్ని కోరింది. 1929లో దర్శకుడు బున్యుయెల్, చిత్రకారుడు డాలీ కలిసి తీసిన 'అన్ షియాన్ అందలూ'కు హేతుబద్ధమైన వివరణకు లొంగే ఏ దృశ్యాన్నీ అంగీకరించకూడదన్నదే నియమం. కానీ అది లఘుచిత్రం, ఒక పిల్ల ఎలా ఎదిగిందో చెబుతానని అది మాట ఇవ్వలేదు. పూర్తి నిడివి సినిమా ఆ మాట ఇచ్చిన తరువాత, దాన్ని తప్పినందుకు అధివాస్తవికతను అడ్డం పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. కాబట్టి "అర్థం కాలేదు" అని రాయకండి, అది మీ మీదికే తిరిగివస్తుంది. ఆ వింతకు లోపల ఒక నియమం ఉన్నదా, సినిమా దాన్ని పాటించిందా అని అడగండి. 2014 నాటి 'ఇట్ ఫాలోస్'లో శాపం శారీరక కలయిక ద్వారా ఒకరి నుంచి మరొకరికి సంక్రమిస్తుంది, వెంటాడేది ఎప్పుడూ నడిచే వస్తుంది, శాపం తగిలినవారికే కనిపిస్తుంది. ఆ కొద్ది నియమాల వల్లనే, తెరమీద దూరంగా నడుస్తున్న ప్రతి మనిషీ అనుమానాస్పదంగా కనిపిస్తాడు.

నిరాశను ఎలా నిరూపించాలో చూడటానికి ఒక సినిమాను ఊహించుకుందాం. గొంతు మారుతున్న అబ్బాయికి, తాను పోగొట్టుకున్న పసి గొంతు రాత్రిళ్లు గోడల వెనుక నుంచి వినిపిస్తుంటుంది. ఎంత మంచి ఊహ! అయితే సగం గడిచాక ఆ గొంతు అదే ఇంట్లో ఎప్పుడో చనిపోయిన మరో పిల్లవాడిదని తేలి, మిగతా సినిమా అంతా ఆ మరణ రహస్యం చుట్టూ తిరిగిందనుకోండి. ఇక్కడ తప్పు నెమ్మదితనంలోనో నటనలోనో లేదు, భయానికి యజమాని మారిపోయాడు. అప్పటిదాకా అబ్బాయిదైన భయం దెయ్యం సొత్తయింది, అతను తన కథలోనే విచారణాధికారిగా మిగిలాడు. "రెండో సగం సాగదీశారు" అనడం కంటే ఈ మాట రాయడం మేలు, ఎందుకంటే సాగదీతకు కారణం అందులోనే ఉంది.

భయం సంగతి విడిగా చూడండి. అకస్మాత్తుగా పెద్ద శబ్దంతో ఉలిక్కిపడేలా చేయడం ఒకటి, కడుపులో మెల్లగా పేరుకునే బెదురు మరొకటి. మొదట రెండోదాన్ని నమ్ముకున్న సినిమా, మధ్యలో ధైర్యం చాలక మొదటిదాన్ని ఆశ్రయిస్తే, అది మారిన సన్నివేశాన్ని పట్టుకోండి. వీలైతే ఆ భాగాన్ని మరోసారి, శబ్దం తీసేసి చూడండి. దృశ్యంలో ఏమీ మిగలకపోతే మీ వాదనకు ఆధారం దొరికినట్లే.

రాసేటప్పుడు మెప్పును కూడా విమర్శ అంత నిర్దిష్టంగా రాయాలి. "ఛాయాగ్రహణం అద్భుతం" అనకుండా, ఏ షాట్‌లో వెలుగు ఏం చేసిందో చెప్పండి. బాలనటుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం: వారి శరీరం గురించి వ్యాఖ్యానించకండి, స్క్రిప్టు చేసిన తప్పును వారి ఖాతాలో వేయకండి. కథ మలుపే మీ ఫిర్యాదైతే, రహస్యం విప్పకుండా "సగం తర్వాత కథ మరొకరిది అవుతుంది" అన్నంత వరకే చెప్పి, వివరాలను ముందస్తు హెచ్చరికతో చివరి పేరాలో పెట్టండి. రేటింగు ఇవ్వాలనుకుంటే వ్యాసం పూర్తయ్యాకే ఇవ్వండి, ముందే వేసుకున్న అంకెకు తగినట్లు వాక్యాలు వంగిపోతాయి.