మెదడు రక్తప్రవాహం స్కాన్‌కి పెద్దవాళ్లను తీసుకొస్తున్నారా?

గుంటూరులో 14 ఏళ్లుగా ఎంఆర్ఐ తీస్తున్నాను. "నడక తడబడుతోంది, మతిమరుపు ఎక్కువైంది, బీపీ ఎప్పటినుంచో ఉంది" అంటూ అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని వస్తారు పిల్లలు. డాక్టరు గారి చీటీలో మామూలు ఎంఆర్ఐతో పాటు ఏఎస్ఎల్ (ఆర్టీరియల్ స్పిన్ లేబెలింగ్, రక్తప్రవాహాన్ని కొలిచే స్కాన్) అని ఉంటే, మెదడులోని సన్న రక్తనాళాలు దెబ్బతిన్నచోట రక్తం ఎంత అందుతోందో చూడాలనుకుంటున్నారన్నమాట.

దీనికి ఇంజెక్షన్ అక్కర్లేదు. మెడ దగ్గర పైకి వెళ్లే రక్తంలోని నీటికి మిషనే రేడియో తరంగాలతో గుర్తు పెడుతుంది. దాదాపు రెండు సెకన్లు ఆగి, ఆ రక్తం మెదడుకు చేరాక ఒక బొమ్మ తీస్తుంది. గుర్తు పెట్టకుండా ఇంకొకటి తీస్తుంది. రెంటికీ మధ్య తేడాయే రక్తప్రవాహం. ఆ తేడా సుమారు నూటికి ఒక వంతే. ఇలా నాలుగైదు నిమిషాలు తీస్తూనే ఉండాలి. మధ్యలో తల కాస్త జరిగినా లెక్క పాడవుతుంది.

ముందుగా కాఫీ సంగతి చూడండి. కెఫీన్ మెదడు నాళాలను బిగిస్తుంది, ప్రవాహం 20 నుంచి 30 శాతం దాకా తగ్గొచ్చు. ఒకసారి నేనే అడగడం మర్చిపోయాను. పెద్దాయన ముప్పావుగంట ముందు ఎదురు కొట్లో కాఫీ తాగొచ్చారట. ప్రవాహాన్ని రంగుల్లో చూపే మ్యాప్ అంతా నీలంగా, అంటే రక్తం తక్కువ అందుతున్నట్టుగా వచ్చింది. పాపం, మర్నాడు తెనాలి నుంచి మళ్లీ బస్సెక్కి రావాల్సి వచ్చింది. ఆ తప్పు నాదే. ఇప్పుడు "పొద్దున్నుంచి ఏం తాగారండీ?" అన్నదే నా మొదటి ప్రశ్న. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రవాహం పెరుగుతుంది కూడా. కాబట్టి ఎన్ని గంటలు ఆపాలో స్కాన్ సెంటర్‌నే అడగండి, తర్వాతి స్కాన్‌కీ అదే పాటించండి. సిగరెట్, చుట్ట కూడా వద్దు. బీపీ మాత్ర మాత్రం మానొద్దు.

పేస్‌మేకర్, మెదడులో క్లిప్ లాంటివి ఉంటే అపాయింట్‌మెంట్ అప్పుడే చెప్పాలి. ఉంగరాలు, గాజులు అందరూ తీస్తారు. పుస్తెలతాడుకు తగిలించిన పిన్నీసులు, మొలతాడుకున్న తాయెత్తు, కట్టుడు పళ్లు మర్చిపోతారు.

లోపలికి వెళ్లేముందు బాత్రూమ్‌కి తీసుకెళ్లండి. నేనైతే మోకాళ్ల కింద దిండు పెట్టి, చెవుల్లో దూది కాదు, ఇయర్‌ప్లగ్స్ పెట్టి, రబ్బరు బల్బు చేతికిచ్చి ఒకసారి నొక్కించి చూస్తాను. నొక్కితే నేను వస్తానని తెలిశాక వాళ్ల భుజాలు వదులవుతాయి. టెన్షన్ తగ్గితే తల కదలదు.

రిపోర్టులో ఫజెకాస్ అని 0 నుంచి 3 వరకు ఒక అంకె ఉండొచ్చు. అది సన్న నాళాలు దెబ్బతిన్నప్పుడు ఎంఆర్ఐలో కనిపించే తెల్లమచ్చలు ఎంత పరుచుకున్నాయో చెబుతుంది, ప్రవాహాన్ని కాదు. మెదడు పైపొరలో 100 గ్రాములకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం పారుతుంది. లోపలి తెల్లభాగంలో అందులో సగం కూడా ఉండకపోవచ్చు, పైగా అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. అందుకని అక్కడ నీలం కనబడగానే కంగారుపడొద్దు. నాళాల వెంట మెరిసే చుక్కలుంటే రక్తం ఎక్కువైందని కాదు, ఇంకా దారిలోనే ఉందని. అలాంటప్పుడు ఎక్కువసేపు ఆగి మళ్లీ తీయాలా అని డాక్టరును అడగండి.

రక్తహీనత ఉంటే ప్రవాహం పెరిగి కనిపిస్తుంది, హిమోగ్లోబిన్ రిపోర్టు తెచ్చుకోండి. ఫిల్మ్ ఒక్కటే కాదు, సీడీ కూడా అడిగి తీసుకోండి. దాని కవరు మీద తేదీ, ఆ రోజు బీపీ, ఆఖరిసారి కాఫీ తాగిన టైము రాసిపెట్టండి.