ప్రోస్టేట్ బయాప్సీకి ముందు – 3వ పాఠం: కల్చర్ రిపోర్టు చదవడం

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను: గత ఆరు నెలల్లో వాడిన యాంటీబయాటిక్స్ అన్నీ కాగితం మీద రాయమని. బయాప్సీ చేయించుకోబోతున్న మా బాబాయికీ అదే చెబితే "నేనేం వాడలేదురా" అన్నాడు. పిన్ని మాత్రల డబ్బా బోర్లిస్తే సిప్రోఫ్లాక్సాసిన్ అట్ట బయటపడింది, పదింటిలో ఆరు ఖాళీ. విరేచనాలకని తెనాలిలో మందుల షాపులో తెచ్చుకున్నాడట. "అది మోషన్స్ మాత్రరా, యాంటీబయాటిక్ ఎట్లా అవుద్ది?" అని మళ్లీ నన్నే దబాయించాడు.

ఆ అట్ట ఎందుకు ముఖ్యమో తెలియాలంటే సూది పోయే దారి తెలియాలి. మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పురీషనాళాన్ని ఆనుకునే ఉంటుంది. మలద్వారం గుండా చేసే బయాప్సీలో సూది ఆ పేగు గోడను పొడుచుకుని గ్రంథిలోకి వెళ్లి, పరీక్షకు మామూలుగా 10, 12 చిన్న ముక్కలు తెస్తుంది. పొడిచిన ప్రతిసారీ పేగులోని ఈ. కోలై లాంటి బాక్టీరియా లోపలికి చేరే వీలుంది. అందుకే ముందే యాంటీబయాటిక్ ఇస్తారు. పోవిడోన్ అయోడిన్‌తో పురీషనాళాన్ని శుభ్రం చేసినా ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి. ఏళ్ల తరబడి ఈ పనికి వాడిన మందు సిప్రోనే. మన దేశంలో ఇప్పుడు చాలా ఈ. కోలై దానికి లొంగడం లేదు. ఈమధ్యే సిప్రో మింగిన మనిషి పేగులోనైతే, దానికి చావనివే మిగిలి పెరుగుతాయి.

కాగితం చూసిన డాక్టరుగారు రెక్టల్ స్వాబ్ కల్చర్ రాశారు. అంటే పురీషనాళంలో దూదిపుల్లతో నమూనా తీసి, అందులోని బాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూడడం. గుంటూరు కొత్తపేటలో ల్యాబ్ నుంచి రిపోర్టు తెచ్చుకుని బాబాయి తిన్నగా అక్షరాల మీదికి పోయాడు. మీరలా చేయకండి. ముందు పైన 'స్పెసిమెన్' (నమూనా) అన్నచోట చూడండి. అక్కడ యూరిన్ అని ఉండి కింద 'నో గ్రోత్' అని వస్తే మూత్రంలో బాక్టీరియా పెరగలేదని అర్థం, అంతే. పేగులో ఏముందో అది చెప్పదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

తర్వాత మందుల పట్టీ. ఎస్ అంటే బాక్టీరియా ఆ మందుకు లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు, ఐ నడిమధ్య. బాబాయి రిపోర్టులో సిప్రో ఎదురుగా ఆర్.

పక్కన ఎంఐసీ అని అంకెలుంటాయి, అంటే బాక్టీరియా పెరగకుండా ఆపడానికి కావలసిన కనీస మందు. చిన్న అంకె ఉన్న మందే మంచిదనుకుంటారు. కాదు. ఒక మందు అంకెను ఇంకో మందు అంకెతో పోల్చకూడదు, ఏ మందు కొలత దానిదే. ఎస్ ఉన్నవన్నీ పనికొస్తాయనీ కాదు: నైట్రోఫ్యురాంటాయిన్ మూత్రంలో బాగా చేరుతుంది గానీ ప్రోస్టేట్ కండలోకి చాలినంత పోదు. కాబట్టి రిపోర్టు చదవడం మన పని, మందు ఎంచడం యూరాలజిస్టు పని. దయచేసి షాపులో చూపించి కొనకండి.

బయాప్సీ అయ్యాక కొన్నాళ్లు మూత్రంలో కాస్త రక్తం మామూలే. చలితో వణుకు వచ్చినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా మాత్రం తెల్లారేదాకా ఆగకండి. పారాసిటమాల్‌తో సర్దుకోకుండా, అర్ధరాత్రయినా సరే రిపోర్టు చేతబట్టుకుని ఆస్పత్రికి వెళ్లండి.

అభ్యాసం: రోగికి షుగర్, నెల కిందట ఆస్పత్రిలో ఉన్నారు. యూరిన్ కల్చర్ 'నో గ్రోత్', స్వాబ్ తీయలేదు, చీటీలో సిప్రో రాసి ఉంది. డాక్టరుగారిని ఏమడుగుతారో ఒక్క వాక్యంలో రాయండి. 4వ పాఠం ఆ జవాబుతో మొదలుపెట్టి, పేగు జోలికి పోకుండా వృషణాల వెనక చర్మం గుండా చేసే బయాప్సీకి వెళదాం.