నలభై మందితో చలికాలపు సంతకాల పెళ్లి: బరంపురం వైపు ఉన్నవాళ్లకి

రిజిస్టర్ పెళ్లి అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది ఇంట్లోంచి వెళ్లిపోయి వచ్చిన జంట, మెడలో రెండు దండలు, ఆఫీసు మెట్ల మీద కంగారుగా తీసుకున్న ఫొటో. మా చెల్లి పెళ్లి అలాగే చేద్దాం అన్నప్పుడు మా దొడ్డమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అబ్బాయి ఒడియా, మేము తెలుగు, ఎవరి పురోహితుడు, ఎవరి ముహూర్తం, తాళా, శంఖమా, ఈ పంచాయితీ తేలేలోపు ఇద్దరికీ తల నెరిసేలా ఉందని స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ (కులమతాలతో పని లేకుండా ప్రభుత్వ ఆఫీసరు ముందు పెళ్లి చేసుకునే చట్టం) కింద సంతకాలు పెట్టించి, దగ్గరవాళ్ల మధ్య భోజనాలు పెట్టాం. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్‌లలో ఇలాంటి ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి కాబట్టి మేము నేర్చుకున్నది రాస్తున్నాను. నా సలహా అంతా ఒక్కదాని చుట్టూనే: సంతకాలను పొద్దున్నే ముగించేసే ఆఫీసు పనిలా చూడకండి, ఆ గంటనే పెళ్లి చెయ్యండి. మిగతావన్నీ దాని వెనకే రావాలి.

ముందు తేదీ. హాలుకీ కాదు, చీరకీ కాదు, మొదట నోటీసుకి, అంటే పెళ్లి చేసుకోబోతున్నామని మ్యారేజ్ ఆఫీసరుకి రాసిచ్చే కాగితానికి, లెక్క వేసుకోండి. 1954 నాటి ఈ చట్టం ప్రకారం ఇద్దరిలో కనీసం ఒకరు నోటీసుకి ముందు 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. నోటీసు ఇచ్చాక దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేచోట అంటిస్తారు, మరో 30 రోజులు అభ్యంతరాల కోసం ఆగాలి. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగాలు చేస్తూ నేరుగా వచ్చి పెళ్లి చేసుకుందామనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు, ఇద్దరూ బయటే ఉంటే అంతా కలిపి రెండు నెలలు. ఇంకో వైపు గడువు కూడా ఉంది: నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లో పెళ్లి జరగకపోతే అది చెల్లదు, మళ్లీ మొదటికి రావాలి. డిసెంబరు 1న ఇస్తే జనవరి మొదటి వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా మీ చేతిలో ఉన్నట్టు. రైలు రిజర్వేషన్లు కూడా 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి నోటీసు ఇచ్చిన రోజే విశాఖ, హైదరాబాదు చుట్టాలకు ఫోన్ చేసి చెప్పేస్తే సంక్రాంతి రద్దీలో టికెట్ దొరకలేదనే గొడవ ఉండదు.

ఇంట్లో తెలియకుండా చేసుకుందామనుకునేవాళ్లకి ఇది దారి కాదని అర్థమయ్యే ఉంటుంది. పెళ్లికూతురి సొంత ఊరు వేరే జిల్లా అయితే, శ్రీకాకుళమే అనుకోండి, నోటీసు నకలు అక్కడి మ్యారేజ్ ఆఫీసరుకీ వెళ్తుంది, అక్కడా అంటిస్తారు. అభ్యంతరం ఎవరైనా పెట్టవచ్చు గానీ వయసు, ముందే పెళ్లయి ఉండటం, దగ్గరి చుట్టరికం లాంటి చట్టంలోని కారణాల మీదే. కులం నచ్చలేదు, భాష నచ్చలేదు అన్నవి లెక్కలోకి రావు.

ఇక ఏ నెల. అక్టోబరు వద్దే వద్దు. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చి గజపతి జిల్లాని ఊడ్చేసింది. నవంబరులోనూ కాస్త భయమే. పైగా కార్తీకంలో నెలంతా నీచు ముట్టని ఒడియా ఇళ్లు బోలెడు, పున్నమి వెళ్లిన మర్నాడు ఛాడఖాయి, అంటే మళ్లీ నీచు మొదలుపెట్టే రోజు, ఆ రోజు మాంసం కొట్ల దగ్గర నిలబడటానికి చోటుండదు. మార్గశిరం సంగతీ చూసుకోవాలి. వాళ్లకి నెల పున్నమి మర్నాటి నుంచి మొదలవుతుంది, మనకి అమావాస్య మర్నాటి నుంచి, అంటే వాళ్ల మార్గశిర లక్ష్మివారాలు (లక్ష్మీపూజ చేసే గురువారాలు) మనకంటే పదిహేను రోజుల ముందే వచ్చేస్తాయి. రెండు ఇళ్ల క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకుని లక్ష్మివారాలన్నీ కొట్టేయండి, ఆ రోజు వాళ్లింట్లో ఆడవాళ్లు పూజ వదిలి రాలేరు.

డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం పడితే సంక్రాంతి దాకా రెండువైపులా పెళ్లిళ్లుండవు. చట్టానికి మూఢమూ లేదు, శూన్యమాసమూ లేదు, హాళ్లు ఖాళీగా ఉంటాయి, వంటవాళ్లు అడిగిన రోజు దొరుకుతారు. అయినా నేను మాత్రం ఆ నెల పెట్టుకోమనను. ఇప్పటికే చాలా ఒప్పుకున్న పెద్దవాళ్ల చేత ఇది కూడా ఒప్పించాలా అని. పైగా క్రిస్మస్ నుంచి జనవరి 1 దాకా గోపాల్‌పూర్, రంభ, తప్తపాణి అన్నీ పిక్నిక్ బస్సులతో నిండిపోతాయి. జనవరి నెలాఖరు, ఫిబ్రవరి మొదటి సగం, మాఘం వచ్చాక: నా ఓటు దానికి. చలి ఇంకా ఉంటుంది, వణికించదు. జనవరి 26 సెలవు, ఆదివారం ఆఫీసు ఉండదు, అది మాత్రం గుర్తుంచుకోండి.

కాగితాలు. మన జిల్లాల్లో ఈ పని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో జరుగుతుంది. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండినట్టు రుజువు (ఒడిశాలో అందరూ ముందు అడిగేది మెట్రిక్, అంటే పదో తరగతి సర్టిఫికెట్టే), చిరునామా రుజువు, ఫొటోలు, పెళ్లి కాలేదన్న అఫిడవిట్, విడాకులైతే కోర్టు డిక్రీ, మొదటి భార్యో భర్తో పోయి ఉంటే మరణ ధ్రువీకరణ పత్రం. ఆంధ్రా నుంచి వచ్చిన తెలుగు కాగితాలకి అనువాదం కావాలేమో మొదటి రోజే అడిగేయండి. అసలు తలనొప్పి పేర్లది. తెలుగులో ఒకే పేరు, మెట్రిక్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా, ఒడియా అక్షరాల్లోంచి ఇంగ్లీషులోకి వెళ్లేసరికి మూడోలా. మా చెల్లికి ఇంటిపేరు ఒకదాంట్లో ముందుంది, ఒకదాంట్లో వెనకుంది, ఒకదాంట్లో లేనే లేదు. అది సరిచేయించడానికి మూడు వారాలు పట్టింది, నోటీసు అన్ని రోజులూ వెనక్కి పోయింది. కాబట్టి సెప్టెంబరులోనే కాగితాలన్నీ మంచం మీద పరిచి అక్షరం అక్షరం చూడండి.

మేనరికం అయితే ఇంకా జాగ్రత్త. మేనమామ కూతురు, మేనత్త కూతురు, అక్క కూతురు, మనకి వరసైనవాళ్లే, ఈ చట్టం జాబితాలో మాత్రం నిషిద్ధ బంధుత్వాలు. ఆచారం ఉంటే మినహాయింపుకి చోటు పెట్టారు గానీ అది మాటలతో తేలేది కాదు. నోటీసు ఇవ్వకముందే వకీలుని కలవండి. ఇద్దరూ హిందువులే అయితే ఇంట్లో పెళ్లి చేసుకుని హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవడం సులువేమో కూడా ఆయన్నే అడగండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పెళ్లి ఆఫీసులోనే జరగాలని లేదు. అదనపు ఫీజు కడితే మ్యారేజ్ ఆఫీసరు సహేతుకమైన దూరంలో మీరు కోరిన చోటుకి వచ్చి పెళ్లి జరిపించే వీలు చట్టంలోనే ఉంది. మీ మేడ మీద, మామిడి తోటలో, గోపాల్‌పూర్‌లో ఏ గెస్ట్‌హౌస్ వరండాలోనైనా. నోటీసు ఇచ్చిన రోజే దీనికి అర్జీ పెట్టి, రసీదు తీసుకుని, వారం ముందు మళ్లీ గుర్తు చెయ్యండి. కుదరకపోతే బెంగ వద్దు, ఆఫీసుకి పదిమంది వెళ్లి సంతకాలు చేసి, అక్కడి నుంచి భోజనాలకి రండి, కాకపోతే ఆ పదిమందిలో ఇద్దరి అమ్మానాన్నలూ ఉండేలా చూసుకోండి.

తంతు ఎలా జరగాలో కూడా మీ ఇష్టమే. చట్టం అడిగేది ఒక్కటే: ఆఫీసరు, ముగ్గురు సాక్షుల ముందు, ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా, ఒకరినొకరు భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామని చెప్పుకోవాలి. ఏ భాషలోనైనా! మా చెల్లి ఒడియాలో చెప్పింది, మా బావగారు నెల రోజులు కూర్చుని నేర్చుకున్న తెలుగులో చెప్పారు. ‘స్వీకరిస్తున్నాను’ అనే మాట దగ్గర ఆయన నాలుక మెలితిరిగి, రెండు వైపులా నవ్వి, మా దొడ్డమ్మ కళ్లు తుడుచుకుంది. మీరు ఆ వాక్యాన్ని ముందే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి. దాని ముందో వెనకో పెద్దవాళ్లు ఒకరు నాలుగు మాటలు మాట్లాడితే, ఎవరైనా ఒక కీర్తన పాడితే చాలు, ఆ పావుగంట నిండుగా ఉంటుంది. మైకు వద్దు, నలభై మందికి గొంతే సరిపోతుంది.

తాళి, దండలు, అక్షింతలు అన్నీ ఆ కూర్పులోనే పెట్టుకోవచ్చు. ఒక్కటి, ముందు రోజు గుళ్లో తాళి కట్టించేసి మర్నాడు సంతకాలకి రాకండి. అప్పటికే పెళ్లయినట్టు లెక్క వచ్చి, అయిపోయిన పెళ్లిని రిజిస్టర్ చేయించుకునే దారి వేరే పట్టాల్సి వస్తుంది. ముందు మాటలు, సంతకాలు, ఆ వెంటనే తాళి. సాక్షులు ముగ్గురు కావాలి, నలుగుర్ని అనుకోండి, ఒకరు తప్పకుండా ఆధార్ కార్డు ఇంట్లో మర్చిపోతారు.

నలభై అంటే నలభైయే. ఇక్కడ మొహమాటపడ్డారో నాలుగొందలవుతుంది. మనుషుల్ని చూసి ఎంచకండి, వరసని చూసి గీత గియ్యండి: అమ్మానాన్నల తోబుట్టువులు, వాళ్ల పిల్లలు, మీ స్నేహితులు చెరో అయిదుగురు. ఒక పిన్ని గారిని పిలిచి ఇంకో పిన్ని గారిని మానేస్తే అది పదేళ్లు నడుస్తుంది. మిగతావాళ్ల ఇంటికి పెళ్లయ్యాక జంటగా వెళ్లి రండి, లేదా ఒడియావాళ్లు ప్రీతిభోజి అంటారు చూడండి, ఆ పెళ్లి విందు వేసవి దాటాక ఎప్పుడైనా పెట్టుకోండి.

ముస్తాబు గురించి ఎక్కువ చెప్పను, ఎవరిష్టం వాళ్లది. అందంగా ఉండాలంటే తక్కువ పెట్టండి అంతే. చలికాలం బంతి, చామంతి కావలసినన్ని, మల్లెల కోసం వెతకొద్దు. ప్లాస్టిక్ పూల ఆర్చీ, రంగులు మారే లైట్లూ మానేసి ఒకే రంగు చామంతులు, ఇత్తడి కుందులు, తెల్ల దుప్పటి పరిచిన ఒక బల్ల పెట్టండి, సంతకాల బల్లే మీ మండపం. చీర ఎక్కడికో వెళ్లి కొనక్కర్లేదు, మన బరంపురం పట్టే ఉంది, అంచున గుడి గోపురాల వరసతో, అబ్బాయికి దాని జోడు కూడా దొరుకుతుంది. కొరాపుట్ వాళ్లయితే కోట్‌పాడ్ నేత చూడండి, ఆల్ చెట్టు వేళ్లతో అద్దే ఆ ముదురు ఎరుపు చలికాలపు ఎండలో ఫొటోకి ఎంత బాగుంటుందో. ఎండ అంటే గుర్తొచ్చింది, డిసెంబరు, జనవరిల్లో సాయంత్రం అయిదుంబావు, అయిదున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు, ఆ తర్వాత మంచు. కాబట్టి సంతకాలు పదకొండుకి, భోజనాలు ఒంటిగంటకి, ఫొటోలు నాలుగులోపు. కొరాపుట్ ఘాట్ రోడ్డు మీద పొద్దున పొగమంచు ఉంటుంది, చుట్టాల్ని ముందు రోజే రమ్మనండి, ముసలివాళ్లకి శాలువాలు తీసి ఉంచండి.

భోజనంలో పోటీ పెట్టకండి. అరటాకు మీద ఆవపెట్టిన పులిహోర, గుత్తివంకాయ, పక్కనే దాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు), టమాటా ఖట్టా (పుల్లటి పచ్చడి), చివర ఛెనాపోడ (కాల్చిన ఛెనా మిఠాయి), ఇంతే. అరిసె మాత్రం తప్పదు. వాళ్లూ అరిసా పిఠానే అంటారు, పేరు కూడా దాదాపు ఒకటే, రెండిళ్లవాళ్లూ ఇది మాదంటే మాదని వాదించుకోవడానికి పెళ్లిలో ఒక్క అంశమైనా ఉండాలి కదా. వెళ్లేటప్పుడు చేతికి రెండు అరిసెలు, ఒక బరంపురం అప్పడాల కట్ట ఇస్తే సారె ఇచ్చినంత.

సర్టిఫికెట్ పుస్తకంలో సంతకం పెట్టేముందు ఒక్క నిమిషం ఆగి పేర్లు, పుట్టిన తేదీలు మళ్లీ చదవండి, ఫొటోగ్రాఫరు తొందర పెడుతున్నా సరే. ధ్రువీకరించిన నకళ్లు ఒకటి కాదు, మూడు తీసుకోండి: ఒకటి మీ దగ్గర, ఒకటి వాళ్లమ్మ దగ్గర, ఒకటి మన అమ్మ బీరువాలో.