తలసీమియాతో క్యాన్సర్ పరిశోధనకు: ముందు రక్తం క్యాలెండర్, తర్వాత కాలేజీ

తలసీమియా మేజర్ (శరీరం తగినంత హిమోగ్లోబిన్ తయారుచేసుకోలేక, తరచూ రక్తం ఎక్కించుకోవాల్సిన పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న ఇంటర్ విద్యార్థి క్యాన్సర్ పరిశోధన చేయాలనుకుంటే, మొదట సీటు ఎక్కడ వస్తుందో కాకుండా రక్తం ఎక్కడ దొరుకుతుందో చూసుకోవాలి. బీఎస్సీ, ఎంఎస్సీ, పీహెచ్‌డీ కలిపితే పదేళ్లు దాటుతుంది. మూడు వారాలకోసారి లెక్కేసినా ఈ కాలంలో 170 సార్లకు పైగా రక్తం ఎక్కించుకోవాలి.

ముందు మీ శరీరం లెక్క రాసుకోండి. రక్తం ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ 9.5 నుంచి 10.5 మధ్య ఉండాలన్నది సాధారణ లక్ష్యం. ఎక్కించాక అది వారానికి సుమారు 1 నుంచి 1.5 పాయింట్లు తగ్గుతుంది. అందుకే మొదటి వారం చురుగ్గా ఉంటారు, మూడో వారం మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. నాలుగైదు నెలల పాటు ప్రతిసారీ తేదీ, ముందు హిమోగ్లోబిన్, ఆ వారం ఎన్ని గంటలు చదవగలిగారో నోట్‌బుక్‌లో రాయండి. పరీక్షల ప్లానూ, తర్వాత ల్యాబ్ ప్లానూ ఈ నోట్‌బుక్ నుంచే వస్తాయి.

ఇంటర్‌లో ఉండగానే సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ పని మొదలుపెట్టండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా ఉన్నాయి. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి వస్తే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్ల కోటాకు, అయిదేళ్ల వయసు సడలింపుకు అర్హులు. జన్యువు మోస్తూ ఆరోగ్యంగా ఉండే తలసీమియా మైనర్‌కు ఇది వర్తించదు. సదరం క్యాంపుకు హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరెసిస్ రిపోర్టు (హిమోగ్లోబిన్ రకాన్ని చూపే పరీక్షలు), ఏడాది పాటు రక్తం ఎక్కించిన రికార్డు, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ రిపోర్టులు పట్టుకెళ్లండి. చాలామందికి దెబ్బ తగిలేది రెండు చోట్ల: ఆధార్‌లో, టెన్త్ మెమోలో పేరు వేర్వేరుగా ఉండటం, కౌన్సెలింగ్ నాటికి తాత్కాలిక సర్టిఫికెట్ గడువు తీరిపోవడం.

క్యాన్సర్ పరిశోధనకు నీట్ రాసి తీరాలని ఏమీ లేదు. సైన్స్ పరిశోధన సంస్థ అయిన తిరుపతి ఐసర్‌లో అయిదేళ్ల బీఎస్-ఎంఎస్‌కు ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో 60 ప్రశ్నలు. బయాలజీ, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఫిజిక్స్ నాలుగింటికీ తలా 15. బైపీసీ వాళ్లు చతికిలబడేది మ్యాథ్స్ దగ్గరే. ఇంటర్ మొదటి ఏడాది నుంచే రోజుకు అరగంట కేటాయించినా చాలు. ఇంటి దగ్గరి డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చేసి ఎంఎస్సీకి వేరే ఊరు వెళ్లడం కూడా మంచి దారే. మా మాటకొస్తే, ఇంకా డోనర్లను కూడగట్టుకుంటున్న కుటుంబానికి ఇదే నయం. ఏ పరీక్షయినా రెండు నుంచి నాలుగు రోజుల ముందే రక్తం ఎక్కించుకోండి. ముందురోజు వద్దు, జ్వరమో దద్దుర్లో వస్తే పరీక్ష చేజారుతుంది.

ఎంఎస్సీ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు వస్తుంది. జేఆర్ఎఫ్‌కు వయోపరిమితి 30 ఏళ్లు, వికలాంగుల కోటాలో 35. మధ్యలో అనారోగ్యంతో ఏడాది పోయినా కంగారు పడనక్కర్లేదు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలు ఉన్నాయి. క్యాన్సర్ మీదే పనిచేసే ఆక్‌ట్రెక్ నవీ ముంబైలోని ఖార్‌ఘర్‌లో ఉంది. ఊరు మారేటప్పుడు ఒక కార్డు వెంట ఉండాలి: బ్లడ్ గ్రూపుతో పాటు ఆర్‌హెచ్, కెల్ ఫీనోటైపు (రక్తం సరిపోల్చడానికి చూసే ఇతర గుర్తులు), ఎక్కించిన రక్తానికి వ్యతిరేకంగా ఒంట్లో తయారైన యాంటీబాడీలేవైనా ఉంటే అవి, ఇనుము తగ్గించే మందు పేరు, డోసు. యాంటీబాడీల సంగతి కొత్త బ్లడ్ బ్యాంకుకు తెలియకపోతే సరిపడే రక్తం వెతకడానికే రోజులు పడతాయి.

ఇక ల్యాబ్. ల్యాబ్‌లో పెంచే కణాలకు ఆదివారం తెలియదు, మీ మూడో వారమూ తెలియదు. రెండు మూడు రోజులకోసారి వాటిని కొత్త ఫ్లాస్కులోకి మార్చాలి, లేకపోతే కిక్కిరిసి వాటి తీరే మారిపోతుంది. అందుకే రక్తం ఎక్కించుకునే రోజు శనివారం పెట్టుకోండి. క్రాస్‌మ్యాచ్ (దాత రక్తం మీకు సరిపడుతుందో లేదో చూసే పరీక్ష) శాంపిల్ 72 గంటల లోపలిదై ఉండాలి కాబట్టి గురువారం సాయంత్రమో శుక్రవారమో ఇచ్చేయండి.

మందు క్యాన్సర్ కణాలను ఎంత చంపుతోందో చూసే ఎంటీటీ పరీక్షను ఉదాహరణగా తీసుకుందాం. రక్తం ఎక్కించిన తర్వాతి సోమవారం 96 గుంటల ప్లేటులో గుంటకు సుమారు 5,000 కణాలు, 100 మైక్రోలీటర్లలో వేయండి. మంగళవారం మందు కలపండి. 72 గంటల తర్వాత, అంటే శుక్రవారం, బతికున్న కణాల్లో రంగు మారే ఎంటీటీని కలిపి మూడు నాలుగు గంటలు ఉంచి, ఏర్పడిన రంగును డీఎంఎస్ఓ ద్రావకంలో కరిగించి 570 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసుకోండి. అంచు గుంటల్లో నీరు ఆవిరై లెక్క తప్పుతుంది, వాటిలో కణాలు వేయకుండా పీబీఎస్ (ఉప్పు ద్రావణం) నింపండి. రెండో వారం ఇదే మళ్లీ చేయొచ్చు. మూడో వారంలో కొత్త ప్లేటు మొదలుపెట్టకండి. అలసటతో పిప్పెటింగ్ తప్పితే అది ఫలితంలో కనిపిస్తుంది, కారణం మాత్రం ఎవరికీ అంతుపట్టదు. ఆ వారం గ్రాఫులకు, రాతకు, పేపర్లు చదవడానికి వాడుకోండి. ఆసుపత్రిలో ఉండిపోవాల్సి వచ్చినా పని ఆగకుండా ప్రతి కణజాతివీ రెండు మూడు వయల్స్ లిక్విడ్ నైట్రోజన్‌లో దాచి ఉంచండి.

రక్షణ విషయంలో మొహమాటం పనికిరాదు. చేరేముందే హెపటైటిస్ బి టీకా మూడు డోసులు (0, 1, 6 నెలలు) పూర్తిచేసి, నెలా రెండు నెలల తర్వాత, టీకా పనిచేసిందో లేదో చూపే యాంటీ-హెచ్‌బీఎస్ పరీక్ష చేయించండి. అది 10 దాటాలి. పదేపదే రక్తం ఎక్కించడం వల్ల లివర్‌లో ఇనుము పేరుకుని ఉంటే, కణాల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీయడానికి లివర్‌కు హాని చేసే క్లోరోఫామ్ వాడే పద్ధతికి బదులు కాలమ్ కిట్ అడగండి. ఇనుము తగ్గించే డెఫెరిప్రోన్ వాడేవాళ్లకు తెల్లరక్తకణాలు హఠాత్తుగా పడిపోవచ్చు, అందుకే జ్వరం వస్తే మందు ఆపి అదే రోజు రక్తపరీక్షకు వెళ్లాలి. స్ప్లీన్ తీయించుకున్నవాళ్లకు జ్వరం ఎప్పుడూ ఎమర్జెన్సీయే. ఇంకొకటి, మీ సొంత రక్తకణాలను మీరే ల్యాబ్‌లో పెంచడం, వాటిలో జన్యువులు మార్చడం చేయకండి. అవి పొరపాటున ఒంట్లోకి వెళితే మీ రోగనిరోధక వ్యవస్థ వాటిని పరాయివిగా గుర్తించదు.

జబ్బు గురించి పీహెచ్‌డీ గైడుకు ఎప్పుడు చెప్పాలన్నది అందరూ అడిగేదే. సీటు ఖరారయ్యాక, పని మొదలుపెట్టకముందు చెప్పండి. జబ్బు చరిత్రంతా అక్కర్లేదు, ఒక కాగితం చాలు: "మూడు వారాలకోసారి శనివారం ఆసుపత్రికి వెళ్తాను. జ్వరం వస్తే వెంటనే బయల్దేరతాను. ఆ రోజు నా కణాలను ఫలానా సహవిద్యార్థి చూసుకుంటారు." ఆ సహవిద్యార్థి పేరు రాసేముందు వాళ్లను అడగండి. వాళ్ల ఊరి జాతరకో, ఇంట్లో పెళ్లికో వెళ్లినప్పుడు వాళ్ల ఫ్లాస్కులు మీరు చూడాలి.