ఉగాది ముందు ఇల్లు సర్దడం: ఏ లక్షణానికి ఏది కారణం, ఏది మందు

శివరాత్రి దాటి ఎండ ముదిరేకొద్దీ ఇళ్ళలో బూజు కర్రలు బయటికి వస్తాయి. దానికి ఉగాది ఒక్కటే కారణం కాదు. కొత్త చింతపండు, ఎండుమిరపకాయలు, కందిపప్పు ఏడాదికి సరిపడా కొనుక్కునే రోజులివి. ఇంకొంచెం ఆగితే ఆవకాయ. వీటికి వంటింట్లో చోటు కావాలి, ఆరబెట్టుకోవడానికి ఎండ కావాలి.

చిక్కల్లా ఏమిటంటే, సర్దడం పేరుతో మనం సామాను చోటు మారుస్తాం, అంతే. మంచం కింది పెట్టె అటక ఎక్కుతుంది. అటక మీది మూట రెండు రోజులు ఎండలో ఉండి మళ్ళీ అటకే ఎక్కుతుంది. పేరుకోవడానికి కారణమైనది అలాగే ఉంటుంది కనుక శ్రావణ మాసానికి ఇల్లు మొదటికి వస్తుంది.

బీరువా తలుపు పడదు, కట్టుకోవడానికి మాత్రం చీర లేదు

ఈ ఫిర్యాదు వింటే మగవాళ్ళు నవ్వుతారు గానీ, ఇది నిజమైన సమస్యే. బీరువాలో సగం మనం ఎంచుకుని కొన్నవి కావు. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో పెట్టిన చీరలు, ప్యాంటు ముక్కలు, రవిక ముక్కలు. వాటిని వాడాలని ఎవరూ అనుకోరు, ఇంకొకరికి పెట్టడానికి పనికొస్తాయని దాస్తారు. పుచ్చుకున్నవాళ్ళూ అలాగే దాస్తారు. కొన్ని రవిక ముక్కలు కుట్టు మిషను మొహం చూడకుండా ఊరంతా తిరిగి, మొదట పెట్టినవాళ్ళ ఇంటికే చేరుతాయి.

పెట్టుబడి బట్టలను బీరువాలోంచి తీసి ఒక పెట్టెలో పెట్టండి. ప్రతిదాని మీద ఎవరు పెట్టారో చీటీ ఉంచితే తిరిగి వాళ్ళకే ఇచ్చే ఇబ్బంది తప్పుతుంది. పెట్టె ఖాళీ అయ్యేదాకా పెట్టడానికని కొత్తవి కొనకూడదు. అసలు చీరకు బదులు కవరులో డబ్బు పెట్టే పద్ధతికి మారితే ఇంకా మేలు. అయితే ఆ మాట ఇంటి పెద్దావిడ నోటి నుంచే రావాలి. కోడలు అంటే లేనిపోని మాట పడుతుంది.

రెండో కారణం, రవిక బిగుతైపోయిన చీరలు. చీర నిక్షేపంలా ఉంటుంది, రవిక పట్టదు. ఇలాంటివన్నీ ఒక్కసారే తీసి కుట్టుపనికి ఇవ్వండి. కుట్టించే ఉద్దేశం లేకపోతే ఆ చీర ఎవరికి ఇవ్వాలో ఆ రోజే తేల్చండి. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్ళను పిలిస్తే బట్టలు పోతాయి, గిన్నెలు వస్తాయి. లెక్క సరికి సరి!

ఉంచుకునే పట్టుచీరలను నీడలో గాలికి ఆరవేసి, మడత మార్చి, నూలు గుడ్డలో చుట్టాలి. కలరా ఉండలు జరీకి తగిలితే నల్లబడుతుంది. చంటిపిల్లలున్న ఇంట్లో ఆ ఉండలు అసలే వద్దు. జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన పసివాళ్ళకు అందులోని నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు విరిగిపోయి కామెర్లు వస్తాయి. ఆ ఉండలు వేసి దాచిన దుప్పటి చుట్టినా ప్రమాదమే.

అటక మీద చెయ్యి పెట్టే చోటు లేదు

కిందికి దించి చూస్తే చాలావరకు ఖాళీ అట్టపెట్టెలు. వారంటీకి కావాలని దాచినవి. వారంటీకి సాధారణంగా అడిగేది బిల్లు, పెట్టె కాదు. వస్తువు వాపసు ఇచ్చే గడువు దాటాక అట్టపెట్టెలు అక్కరకొచ్చేది బొద్దింకలకే. తరచూ బదిలీలయ్యే ఉద్యోగులు టీవీ పెట్టె ఒక్కటి ఉంచుకుంటే అర్థం ఉంది.

వాటి వెనుక పిల్లల సామాను ఉంటుంది. పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో స్థిరపడి ఉంటారు, వాళ్ళ ఇంజినీరింగ్ రికార్డులూ పాత ఎంసెట్ పుస్తకాలూ ఇక్కడ అటక మీద ఉంటాయి. పారేస్తే ఏమంటారోనని తల్లిదండ్రులు ముట్టుకోరు. పిల్లలకేమో అవి ఉన్నట్టే గుర్తుండదు. వీడియో కాల్‌లో ఒక్కొక్కటీ చూపించి అడిగేయండి. ఉంచమన్నవి ఒక్క పెట్టెకు మించకూడదు, ఈసారి వచ్చినప్పుడు వెంట తీసుకెళ్ళాలి.

ఇత్తడి సామాను తూకానికి వేయడం నాకైతే ఇష్టం ఉండదు. వండడానికి వాడాలంటే లోపల కళాయి పూయించండి. కళాయి లేని ఇత్తడిలో పులుసు, చారు వండకూడదు.

పప్పు డబ్బా మూత తీస్తే పురుగు

మూత వదులుగా ఉందని డబ్బాను తిడతాం. తరచుగా పురుగు లోపలే ఉంటుంది. బియ్యపు ముక్కు పురుగు గింజకు రంధ్రం చేసి అందులో గుడ్డు పెడుతుంది కనుక కొన్నప్పుడు కంటికి కనిపించదు. వేడి వాతావరణంలో నెల తిరిగేసరికి బయటపడుతుంది. అడుగున పాతది ఉండగానే పైన కొత్తది పోసే అలవాటు దానికి మహా అనుకూలం.

డబ్బా పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, తడి లేకుండా ఎండబెట్టాకే కొత్త సరుకు పోయండి. పాతది ముందు వాడేయాలి. రవ్వ, శనగపిండి వంటివి కొనగానే నాలుగైదు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే గుడ్లు కూడా చస్తాయి. మూత పోయిన డబ్బాలు, డబ్బా పోయిన మూతలు జతపడవని ఈపాటికి తెలిసే ఉంటుంది, తీసేయండి.

సర్దిన రోజే తుమ్ములు, ఆయాసం

పొడి చీపురుతో దులిపితే దుమ్ము పోదు, గాలిలోకి లేస్తుంది. ముక్కుకు మాస్కు కట్టుకుని, పై నుంచి కిందికి, తడి గుడ్డతో తుడవాలి. ఫ్యాను రెక్కకు పాత దిండు గలీబు తొడిగి లాగితే దుమ్మంతా అందులోనే పడుతుంది. ఉబ్బసం ఉన్నవారిని ఆ పూట పక్కింటికి పంపండి.

కుర్చీ మీద బట్టల గుట్ట

ఒక్కసారి తొడిగిన చొక్కా ఉతకడానికి వేయలేం, మడిచి బీరువాలో పెట్టలేం. దానికంటూ చోటు లేక కుర్చీ ఎక్కుతుంది. తలుపు వెనుక నాలుగు కొక్కేలు కొట్టండి, కుర్చీ ఖాళీ అవుతుంది.

సర్దుడు మొదలుపెట్టగానే ఇంట్లో గొడవ

కారణం ఎప్పుడూ ఒకటే, ఒకరి వస్తువును ఇంకొకరు పారేయడం. మామగారి పాత రేడియో, అత్తగారి ఊరగాయ జాడీలు మీకు చెత్తగా కనిపించవచ్చు. వాళ్ళ చేతులతో వాళ్ళు తీస్తే తప్ప ఆ జోలికి పోవద్దు. ముందు మీ సొంత అర ఖాళీ చేసి చూపించండి. పెద్దవాళ్ళు దాచిన కాగితాల కట్టల్లో పొలం పాసు పుస్తకం, పాత దస్తావేజు, బీమా బాండు ఉండే అవకాశం ఎక్కువ. ప్రతి కాగితం విప్పి చూడకుండా పాత పేపర్లవాడి తక్కెడలో వేయకండి.

మందుల డబ్బా, వైర్ల డబ్బా

జ్వరం తగ్గగానే మానేసిన యాంటీబయాటిక్స్ సగం అట్టలు, ఎప్పుడో తెరిచిన కంటి చుక్కలు. చాలా రకాల కంటి చుక్కలు తెరిచిన నెల తరువాత పనికిరావు, సీసా మీద గడువు ఇంకా ఉన్నా సరే. నీళ్ళు కలిపిన యాంటీబయాటిక్ సిరప్ ఆయుష్షు వారం, మహా అయితే రెండు వారాలు. తెరిచిన తేదీ సీసా మీదే రాసే అలవాటు చేసుకుంటే వచ్చే ఏడు ఈ పని ఉండదు. కాలం చెల్లిన మందులను, వాడేసిన బ్యాటరీలను, ట్యూబు లైట్లను 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ఇళ్ళ ప్రమాదకర చెత్తగా లెక్కగట్టాయి. తడి, పొడి బుట్టల్లో కలపకుండా వేరే సంచిలో ఇవ్వాలి.

పాత ఫోన్లు ఇచ్చేముందు సిమ్ము, మెమరీ కార్డు తీసి, లోపలి సమాచారం చెరిపేయండి. బ్యాటరీ ఉబ్బిన ఫోను కనబడితే చార్జింగ్ పెట్టి చూడవద్దు, గుచ్చవద్దు, ఎండలో ఉంచవద్దు. ఈ-వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించేదాకా గుడ్డలకూ కాగితాలకూ దూరంగా, నీడలో పెట్టండి.